చీర మీద మగవాళ్ల చొక్కా

అబిడ్స్ అని మనం రోజూ పలికే పేరు ఒక నౌకరుది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర ఆల్బర్ట్ అబిడ్ అనే ఆర్మీనియన్ ఉండేవాడు. నవాబుగారి దుస్తులు చూసుకోవడం ఆయన కొలువు. ఆయన పెట్టిన దుకాణం పేరే పేటకు నిలిచిపోయింది. కట్టిన బట్ట మళ్లీ కట్టడని పేరుపడ్డ నవాబు మరి! పురానీ హవేలీలో ఆయన బట్టల బీరువాల వరుస చూస్తే ఇప్పటికీ కళ్లు తిరుగుతాయి. 1891లో కలకత్తా కోర్టుకెక్కిన జేకబ్ వజ్రం బేరంలో మధ్యవర్తి కూడా ఈ అబిడే. ఆ వజ్రం తర్వాత నవాబుగారి బూటు ముక్కులో దొరికిందని చెప్పుకుంటారు. ఈ మధ్య నేను అదే అబిడ్స్‌లో వెతికిన బూటుకు మాత్రం ముక్కులో ఉక్కు ఉండాలి.

మా పెద్దమ్మాయి సివిల్ ఇంజనీరింగ్ చదివి రోడ్డు పనుల సైటులో చేరింది. కంకర, తారు, ఇనుప చువ్వలు, పొద్దంతా ఎండ. నాంపల్లి నుంచి అబిడ్స్ దాకా దుకాణాలన్నీ తిరిగాం. దానికి పట్టేది నాలుగో నంబరు, వాళ్ల దగ్గర మొదలయ్యేదే ఆరు. "రెండు జతల సాక్సులు వేసుకుంటే సరిపోతది అమ్మా" అన్నాడొకాయన. వదులు బూటుతో చువ్వల మీద నడిస్తే మడమ తిరగడానికి ఎంతసేపు పడుతుంది! ఇంటికొచ్చాక కోపం చల్లారక, ఈ పని బట్టల చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

ముందు ఖాకీ. ఫార్సీలో ఖాక్ అంటే ధూళి. 1846లో పెషావరులో హ్యారీ లమ్స్‌డెన్ అనే ఇంగ్లీషు అధికారి గైడ్స్ అనే దళాన్ని తయారుచేశాడు. ఎర్రకోటు ఆ దుమ్ములో దూరానికే కనబడిపోతుందని వాళ్లకు మట్టిరంగు బట్ట వేయించాడు. అక్కడి నుంచి పట్టాలపాలెం, పోలీసులు, తపాలావాళ్లు అందరికీ పాకింది. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు ముందు, 1907 నాటి నాంపల్లి స్టేషను ముందు ఎన్ని ఖాకీలు తిరిగాయో లెక్కలేదు. మాసినా తెలియదు, ఉతికినా చెడదు. కానీ ఆ చొక్కా కత్తిరింపు మొదటి నుంచీ మగవాడి భుజానికే.

జీన్స్ కథ ఇంకా చిత్రం. అమెరికాలో నెవాడా రాష్ట్రంలో జేకబ్ డేవిస్ అనే దర్జీ దగ్గరికి ఒకావిడ వచ్చింది. భర్త కట్టెలు కొట్టే కూలీ, ఎన్ని ప్యాంట్లు కుట్టించినా జేబుల దగ్గర చిరిగిపోతున్నాయి, గట్టిది కుట్టమంది. ఆయన జేబు మూలల్లో రాగి రివిట్లు కొట్టి ఇచ్చాడు. 1873 మే 20న లెవీ స్ట్రాస్‌తో కలిసి దానికి పేటెంటు తీసుకున్నాడు. అడిగింది ఆడమనిషి. ఆడవాళ్ల కొలతలతో ఆ కంపెనీ జీన్స్ తెచ్చింది మాత్రం 1934లో, అంటే 61 ఏళ్ల తర్వాత! డంగరీ అనే ముతక గుడ్డ పేరు కూడా మన బొంబాయి డోంగ్రీ నుంచి పోయిందేనట.

అదే 1934లో మన వరంగల్లులో ఆజంజాహి మిల్లు వచ్చింది, కలకత్తా పక్కన బాటానగర్ మొదలైంది. నూలుగుడ్డ, బూటు రెండూ దేశంలోనే మిల్లుల్లో తయారవుతున్నాయి. అయినా పొలంలో, రోడ్డుమీద పనిచేసే ఆడమనిషి కాలికి ఏముంది? మాదిగల చేతి కిర్రుచెప్పులు, తర్వాత హవాయి చెప్పులు, లేదంటే ఉత్త కాళ్లు.

1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. రాతితో కట్టిన ఆనకట్ట అది. యంత్రాలకన్నా మనుషులే ఎక్కువ. అప్పటి ఫోటోలు చూడండి, తలమీద తట్టలతో సారవ మీద ఎక్కుతున్న ఆడవాళ్లు కనిపిస్తారు. ఒంటిమీద చీర, దాన్ని గోచీ పోసి బిగించడం, అంతే. మన పాలమూరు కూలీలు దేశంలో ఎన్ని ప్రాజెక్టులకు మట్టి మోశారో! వాళ్లకు ఎవరూ దుస్తులు కుట్టించలేదు కాబట్టి వాళ్లే ఒకటి కనిపెట్టుకున్నారు: చీర మీద మగవాళ్ల పాత ఫుల్‌హ్యాండ్ చొక్కా. పత్తి ఏరేటప్పుడు మోచేతులు గీసుకుపోవు, సిమెంటు దుమ్ము పడదు, కొంగు జారదు, మెడ కాలదు. ఏ డిజైనరూ గీయని ఈ యూనిఫాం మన రెండు రాష్ట్రాల్లో ఏ పొలానికి వెళ్లినా కనిపిస్తుంది. దీని చరిత్ర ఎవరైనా రాయాలి.

చట్టం ఏమనేదో కూడా చూశాను. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షను ప్రకారం, తిరుగుతున్న యంత్రం దగ్గర పనికి బిగుతైన దుస్తులు వేసుకున్న, శిక్షణ పొందిన వయోజన పురుషుడే వెళ్లాల్సి ఉండేది. ఆ దుస్తులు యజమానే ఇవ్వాల్సి ఉండేది. ఆడవాళ్లు తిరుగుతున్న యంత్రానికి నూనె వేయకూడదని, తుడవకూడదని ఉండేది. కొంగు చిక్కుకుంటుందన్న భయం నిజమే, కాదనను. కానీ మగవాడికి బట్టలు మార్చారు, ఆడదానికి పని మార్చారు. నాకు ఇది ఇప్పటికీ మింగుడుపడదు.

ఇక మీలో ఎవరికైనా అవసరం పడవచ్చని నేను నేర్చుకున్నవి చెబుతాను. గుడ్డ తిరగేసి చూస్తే ఏటవాలు గీతలు కనబడాలి, అది డ్రిల్లు నేత. నూలు ఎక్కువ ఉన్నదే తీసుకోండి. పాలిస్టరు మీద నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అతుక్కుంటుంది. కుట్టించే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టండి, కుంచించుకుపోయేదేదో అప్పుడే అయిపోతుంది. తొడల దగ్గర, చంకల దగ్గర మూడు వరసల కుట్లు. బూటుకు ఐఎస్ 15298 గుర్తు ఉందా చూడండి, అది భద్రతా బూట్లకు మన దేశపు ప్రమాణం. సాయంత్రం పాదం కాస్త ఉబ్బుతుంది, కొనడానికి ఆ వేళే వెళ్లండి. బొటనవేలు ముందు ఉక్కుకు తగలకూడదు.

నాలుగో నంబరు చివరికి తెప్పించి ఇస్తానన్న దుకాణం ఒకటి దొరికింది, పది రోజులు పట్టింది. ప్యాంట్లకు ఖాకీ డ్రిల్లు కొని దర్జీకి ఇచ్చాం. కొలతలు తీసుకుని "లేడీస్ ప్యాంటు కదా, జేబులు ఎందుకు మేడం?" అన్నాడాయన. టేపు, పెన్ను, ఫోను, మంచినీళ్ల సీసా అని అమ్మాయే వేళ్లు మడిచి లెక్క చెప్పింది. నాలుగు జేబులు, మూలల్లో రివిట్లు అని నేను రసీదు మీద రాయించాను.