ముడుతలు మాన్పు సూదిమందులు

వయస్సు పైబడినకొలది ముఖముపై ముడుతలు పడుట ప్రకృతిధర్మము. నవ్వినప్పుడు, నొసలు చిట్లించినప్పుడు లోని కండరములు చర్మమును ముడుచును. చర్మమునకు బిగువు నిచ్చు కొలాజెను అను ప్రోటీను వయస్సుతో తగ్గుటచే, ఆ గీతలు క్రమముగా నిలిచిపోవును. వీనిని పోగొట్టుటకు సూదిమందులు రెండు విధములుగా పనిచేయును. కొన్ని పల్లమును నింపును; మరికొన్ని ముడుచు కండరమును సడలించును. ఈ మందుల చరిత్రలో ఒక వింత కలదు. హాని లేదని నమ్మినవి కీడు చేసినవి. ఘోరవిషమని పేరుపడినది మందైనది.

1899లో వియన్నా నగరమున రాబర్ట్ గెర్సునీ అను శస్త్రవైద్యుడు వాజిలీనును సూదితో రోగి శరీరములోనికి ఎక్కించెను. వాజిలీను కుళ్ళదు, శరీరద్రవములతో కలియదు. కనుక అపాయము లేదని తలచిరి. అనతికాలములోనే వాజిలీనును, పారఫీను మైనమును ముడుతలు నింపుటకు, ముక్కు తీర్చుటకు వాడసాగిరి. మొదట ఫలితము బాగుగనే యుండెను. కొంతకాలమునకు గట్టి గడ్డలు లేచినవి. మైనము పెట్టిన చోట నిలువక జారినది. రక్తనాళములో ప్రవేశించినప్పుడు కొందరికి చూపే పోయినది. శరీరము మైనమును జీర్ణించుకొనలేదు, వెలికి నెట్టలేదు; దాని చుట్టు కణములు చేరి గోడ కట్టును. గడ్డలు లేచుటకు కారణ మిదియే. రెండవ ప్రపంచయుద్ధానంతరము ద్రవ సిలికోను విషయమునను ఇట్టి అనుభవమే కలిగినది. సౌందర్యార్థము దానిని ఎక్కించుటకు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎన్నడును అనుమతి నీయలేదు.

పరాయి పదార్థమునకు బదులు శరీరములో నుండు పదార్థమునే వాడరాదా యను ఆలోచన తరువాత వచ్చినది. కొలాజెనులో మూడు గొలుసులు ముప్పేట త్రాడువలె పెనవేసికొని యుండునని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయమున జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించిరి. 1981లో ఆవుచర్మమునుండి తీసిన కొలాజెను సూదిమందునకు అమెరికాలో అనుమతి లభించినది. నూటికి సుమారు ముగ్గురికి అది పడదు. కావున ముందుగా ముంజేతిపై కొద్దిగా వేసి, దాదాపు 4 వారములు వేచి చూచెడివారు. పిమ్మట హైయలూరోనిక్ ఆమ్లము ప్రచారములోనికి వచ్చినది. దీనిని కరిగించు ఎంజైము ఉండుట పెద్ద మేలు. అయినను పొరపాటున రక్తనాళములోనికి పోయినచో చర్మము చచ్చుబడవచ్చును, చూపు శాశ్వతముగా పోవచ్చును.

ఇక రెండవ మార్గము. చెడిన సాసేజి అను మాంసాహారమును తిని మరణించినవారిని గూర్చి జర్మను వైద్యుడు జస్టినస్ కెర్నర్ 1820, 1822 సంవత్సరములలో వివరముగా వ్రాసెను. ఈ విషము కొలది పరిమాణములో మందుగా పనికిరావచ్చునని ఊహించినవా డతడే. 1897లో బెల్జియము శాస్త్రజ్ఞుడు వాన్ ఎర్మెంగెం ఆ విషమును పుట్టించు సూక్ష్మజీవిని వర్ణించెను. ఈ బొటులినం విషము నాడి కొసనుండి ఎసిటైల్‌కోలీను వెలువడకుండ అడ్డగించును. కండరమునకు ఆజ్ఞ అందదు. మెల్లకన్ను సరిచేయుటకు శాన్‌ఫ్రాన్సిస్కో నేత్రవైద్యుడు అలన్ స్కాట్ దీనిని మొదట కోతులపై, తరువాత మనుష్యులపై పరీక్షించెను. 1989లో కంటి వ్యాధులకు అనుమతి లభించినది. కనురెప్పల అదురుకు దీనిని పొందిన రోగులకు కనుబొమల నడిమి గీతలు పోవుట కెనడా వైద్యురాలు జీన్ కారుథర్స్ గమనించినది. ఆమెయు, ఆమె భర్త అలస్టెయిరును 1992లో ఈ సంగతి ప్రకటించిరి. 2002లో అమెరికాలో ఆ గీతల చికిత్సకు అనుమతి వచ్చినది.

విషము మందైన రహస్యము మోతాదులో నున్నది. కనుబొమల నడుమ సాధారణముగా వేయునది 20 యూనిట్లు. కోతులపై పరిశోధనలనుబట్టి మానవునకు ప్రాణాంతకమగునది దాదాపు 3000 యూనిట్లని అంచనా. కాని ఒక కంపెనీ యూనిటు మరియొక కంపెనీ యూనిటుతో సమానము కాదు. 2004లో ఫ్లోరిడాలో అనుమతి లేని, ప్రయోగశాలలకై తయారైన గాఢవిషమును ముడుతలకు వేయించుకొనిన నలుగురు తీవ్రమైన పక్షవాతముతో ఆసుపత్రి పాలైరి. విషము సూది వేసిన చోటునుండి దూరమునకు వ్యాపింపవచ్చునని 2009లో అమెరికా సంస్థ మందుల పత్రములపై హెచ్చరిక ముద్రింపజేసినది.

మన దేశమున బొటులినం ఔషధముగా నియంత్రింపబడుచున్నది. అది ముఖమునకు పూసికొను క్రీమువంటిది కాదు. సిద్దిపేటలోనే వేయించుకొన్నను, హైదరాబాదు వెళ్లి వేయించుకొన్నను ముందుగా మూడు సంగతులు తెలిసికొనవలెను: ఆ బుడ్డిలోని మందు పేరేమి, ఎంత మోతాదు వేయుదురు, వేయువారు తగిన శిక్షణ పొందిన వైద్యులేనా? గర్భిణులు, కండరముల బలహీనతా వ్యాధి గలవారు ఆ సంగతి ముందే వైద్యునకు చెప్పవలెను. సూది వేసిన పిమ్మట మ్రింగుట, ఊపిరి పీల్చుట కష్టమైనను, చూపు మందగించినను, చర్మము తెల్లబడి నొప్పి పుట్టినను తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి పోవలెను. ముడుత ప్రాణమునకు ముప్పు తెచ్చునది కాదు. దానిని పోగొట్టుకొనుటకై ముప్పు కొని తెచ్చుకొనరాదు.