తెలుగునాట పౌర గ్రంథాలయాలు – ఉద్యోగార్థులు

తెలుగు రాష్ట్రాల జిల్లా కేంద్రాల్లో గ్రంథాలయం తలుపులు తీసేవేళకు వాకిట్లో కాచుకుని ఉండేది ఎక్కువగా గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్, బ్యాంకు పరీక్షలకు చదివేవారే. నవల కోసం వచ్చేవారు తక్కువ. ఈ మార్పు ఏ చట్టం వల్లా రాలేదు, పాఠకులే తెచ్చుకున్నారు.

తొలి గ్రంథాలయాలు పెట్టినవారికి కొలువుల ఊసే లేదు. 1901 సెప్టెంబర్ 1న హైదరాబాద్‌లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం నిజాం రాజ్యంలో తెలుగును నిలబెట్టే పనికి పూనుకుంది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వచ్చింది. సరిగ్గా ఆ ఏడే అమెరికాలోని న్యూవార్క్‌లో జాన్ కాటన్ డానా అనే గ్రంథపాలకుడు వర్తకుల కోసం ఊరి బజారు నడుమ ఒక ప్రత్యేక శాఖ తెరిచాడు. అందులో వ్యాపార డైరెక్టరీలు, పటాలు, చిరునామాల పుస్తకాలు ఉంచాడు. మనకు అలాంటిది తట్టలేదు. అయితే డబ్బు సంగతులు బొత్తిగా పట్టలేదనలేం. 1906లో పుట్టిన విజ్ఞానచంద్రికా మండలి చరిత్ర, విజ్ఞాన గ్రంథాలతో పాటు కట్టమంచి రామలింగారెడ్డి అర్థశాస్త్రాన్నీ తెలుగువారి చేతికిచ్చింది. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగి, ఊరూరా పఠన మందిరాలు లేచాయి.

స్వాతంత్ర్యం తర్వాత బాధ్యత ప్రభుత్వానికి వచ్చింది. కోస్తా, రాయలసీమలకు 1948 నాటి మద్రాసు చట్టం, తెలంగాణకు 1955 నాటి హైదరాబాద్ చట్టం ఉండేవి. రెంటి స్థానంలో 1960లో ఉమ్మడి చట్టం వచ్చి, జిల్లా గ్రంథాలయ సంస్థలకు ఊపిరి పోసింది. ఆస్తి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే సెస్సే వాటికి ఆధారం. అంటే కిరాణా కొట్టు మీద కట్టే పన్నులోనూ గ్రంథాలయానికి వాటా ఉంది. వసూలు చేసిన సెస్సును స్థానిక సంస్థలు వేళకు జమచేయవన్న ఫిర్యాదు మాత్రం ఏళ్ల తరబడి వినిపిస్తూనే ఉంది.

నిరుద్యోగిని ముందుగా లోపలికి లాగింది దినపత్రికల బల్ల. పత్రిక కొనలేని ఇంటి కుర్రాడు అక్కడే ఉద్యోగ ప్రకటనలు చూసి, ఆఖరు తేదీ, ఫీజు చీటీ మీద రాసుకుపోయేవాడు. 1976లో మొదలైన ఎంప్లాయ్‌మెంట్ న్యూస్ వారపత్రిక ఆ బల్ల మీదే నలిగి చిరిగేది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ వేసిన డిగ్రీ పాఠ్యపుస్తకాలు తరగతి దాటి గ్రూప్స్ చదివేవారికి వేదమయ్యాయి. ఇంతలో కొలువు స్వభావమూ మారింది. వంశపారంపర్యంగా వచ్చే మునసబు, కరణాల పదవులు 1984లో పోయాయి. తర్వాతి కాలంలో గ్రామ రెవెన్యూ అధికారి (వీఆర్వో) పోస్టుకూ రాతపరీక్షే దారి అయింది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో లక్షకు పైగా గ్రామ, వార్డు సచివాలయ కొలువులకు పరీక్ష పెట్టారు. వారసత్వం లేనివాడికి పుస్తకం కావాలి, అంతకన్నా ముందు కూర్చోవడానికి చోటు కావాలి.

ఆ చోటు కరువు హైదరాబాద్ చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కళ్లకు కడుతుంది. పక్కనే అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. హాలు నిండితే వరండా, వరండా నిండితే చెట్టు నీడ. కుర్చీ మీద సంచీ పెట్టి టీకి వెళ్తే ఆ కుర్చీ తనదే అన్నది అక్కడి అలిఖిత నియమం. పుస్తకాలు, నోట్సు ఎవరివి వారే తెచ్చుకుంటారు. ఫ్యాన్, లైటు, తాగునీరు, మరుగుదొడ్డి, ఇవీ వారు గ్రంథాలయాన్ని అడిగేవి. నోటిఫికేషన్ పడిందంటే ఈ రద్దీ ఇంకా పెరుగుతుంది. బీరువాల్లోని పుస్తకాల జోలికి వెళ్లేవారు తక్కువ కాబట్టి గ్రంథాలయం కాస్తా చదువుకునే గదిగా మారిందని పాత పాఠకులు నొచ్చుకుంటారు. అద్దె గదిలో నలుగురితో సర్దుకునేవాడికి ఆ గదే పెద్ద సాయం అన్నది వారు తరచూ మరిచే సంగతి.

గ్రంథాలయంలో చిరువ్యాపారి వంతు మాత్రం ఇంకా రాలేదు. జీఎస్టీ రిటర్నుకు అతను ఆడిటర్ దగ్గరికీ, ముద్రా రుణానికి బ్యాంకుకూ, ధ్రువపత్రానికి మీసేవకూ పోతాడు.