డేన్ కూపర్ అనే దేవదత్తుడు



కొన్నేళ్ళ క్రిందట పోర్ట్‌లాండులో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, ఒక ఆదివారం సాయంత్రం మమ్మల్నందరినీ కొలంబియా నది ఒడ్డుకు తీసికొని వెళ్ళింది. గోదావరి గట్టున పుట్టి పెరిగినదాన్ని కనుక, ఏ దేశంలోనైనా సరే పెద్ద నది కనబడితే ఒక్కసారి నీటిలో పాదం పెట్టకుండా ఉండలేను. అవతలి ఒడ్డు వాషింగ్టన్ రాష్ట్రం. మా మనుమడు ఆ ఒడ్డుకేసి వేలు చూపించి, "అమ్మమ్మా, అటు దిగువనే ఇసుకలో విమానం దొంగ డబ్బు దొరికింది. వాడు బతికాడంటావా, చచ్చిపోయాడంటావా?" అని అడిగాడు.

ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలను ప్రశ్నలడిగి బతికినదాన్ని. ఆ ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ రాత్రి మొదలుపెట్టిన చదువు చాలాకాలం సాగింది. దాని సారాంశమే ఈ వ్యాసం.

ముందు కథ. 1971 నవంబరు 24, బుధవారం. మరునాడు అమెరికా వారికి థాంక్స్‌గివింగ్ పండుగ. పోర్ట్‌లాండు విమానాశ్రయంలో నలభై దాటినట్లు కనిపించే ఒక వ్యక్తి, నల్లని సూటూ టై ధరించినవాడు, 20 డాలర్లు నగదుగా చెల్లించి సియాటిల్‌కు టికెట్టు కొన్నాడు. పేరు డేన్ కూపర్ అని చెప్పాడు. ఆ రోజుల్లో గుర్తింపు కార్డు అడిగేవారు లేరు, సంచి సోదా చేసేవారూ లేరు. నార్త్‌వెస్ట్ ఓరియంట్ సంస్థ వారి 305వ నంబరు విమానం, బోయింగ్ 727. వెనుక వరుసలో కూర్చొని విస్కీ, సోడా తెప్పించుకొన్నాడు. విమానం బయలుదేరిన కాసేపటికి ఫ్లోరెన్స్ షాఫ్నర్ అనే ఎయిర్ హోస్టెస్ చేతికి ఒక చీటీ అందించాడు. ఒంటరి మగవారు అటువంటి చీటీలు ఇవ్వడం ఆమెకు కొత్త కాదు. చదవకుండానే దాచబోయింది. అతడు ముందుకు వంగి, చీటీ చదవడం మంచిదనీ, తన దగ్గర బాంబు ఉన్నదనీ మెల్లగా చెప్పాడు. పెట్టె కొద్దిగా తెరిచి ఎర్రని గొట్టాలు, తీగలు చూపించాడు.

అతడు కోరినవి 2 లక్షల డాలర్లు, నాలుగు పారాషూట్లు, సియాటిల్‌లో ఇంధనం నింపడానికి ఒక లారీ. అవి సమకూరేవరకు విమానం రెండు గంటలసేపు ఆకాశంలోనే చక్కర్లు కొట్టింది. ఏదో చిన్న యాంత్రిక లోపమని ప్రయాణికులకు చెప్పారు. దిగిన తరువాత 20 డాలర్ల నోట్లు 10,000 అతడికి అందాయి. సంచి బరువు సుమారు 10 కిలోలు. ప్రయాణికులు 36 మందినీ, ఇద్దరు ఎయిర్ హోస్టెస్‌లనూ వదిలిపెట్టాడు. మిగిలిన నలుగురు సిబ్బందితో మెక్సికో దిక్కుగా పొమ్మన్నాడు. చక్రాలు దించే ఉంచాలి, రెక్కల ఫ్లాపులు 15 డిగ్రీలు ఉండాలి, 10,000 అడుగులకు మించి ఎగరరాదు అని షరతులు పెట్టాడు. రాత్రి 8 గంటల 13 నిమిషాల ప్రాంతంలో విమానం తోక ఒక్కసారి పైకి లేచి సర్దుకొన్నది. రీనోలో దిగి చూస్తే వెనుక మెట్లు తెరిచి ఉన్నాయి, కూపర్ లేడు. ఒక టై, కొన్ని సిగరెట్టు పీకలు, రెండు పారాషూట్లు మిగిలాయి.

లోకం అతణ్ణి 'డి. బి. కూపర్' అంటుంది. అతడెన్నడూ ఆ పేరు చెప్పలేదు. పోలీసులు అనుమానంతో విచారించి వదిలిపెట్టిన వేరొక మనిషి పేరు అది. విలేఖరుల తొందరలో తారుమారై పత్రికలకెక్కింది. మొదట చెప్పినవాడెవడో తెలియకుండా నోటినుంచి నోటికి పాకే మాటను మన పెద్దలు 'ఐతిహ్యం' అన్నారు. ఈ కథలో హైజాకర్ పేరే ఒక ఐతిహ్యం. అందుచేత మిగతా మాటలను కూడా కొంచెం జల్లించి చూడాలి.

విద్వాన్ పరీక్షకు చదివే రోజుల్లో, ప్రమాణాలను గురించి చెప్పేటప్పుడు మా గురువుగారు తరచు దేవదత్తుణ్ణి పిలిచేవారు. దేవదత్తుడికి ఊరు లేదు, తల్లిదండ్రులు లేరు. ఉదాహరణ కోసమే పుట్టినవాడు. వాడు లావుగా ఉన్నాడు కానీ పగలు భోజనం చేయడు. అయితే రాత్రి చేస్తున్నాడన్నమాట. ఇది అర్థాపత్తి. రెండవది అనుపలబ్ధి: నేలమీద కుండ కనబడటం లేదు కనుక అక్కడ కుండ లేదు. అయితే దానికొక షరతు ఉన్నది. అక్కడ వెలుతురు ఉండాలి, కుండ ఉంటే కనబడి తీరాలి. చీకటిగదిలో కుండ కనబడలేదని కుండే లేదంటే చెల్లదు. దానిని 'యోగ్యానుపలబ్ధి' అంటారు. కూపర్ విషయంలో జరిగిన వాదాలన్నీ చదివిన తరువాత, తగవు అంతా ఈ ఒక్క షరతు దగ్గరే ఉన్నదని నాకనిపించింది.

చనిపోయాడనేవారి వాదం ఇది. చలికాలపు రాత్రి, వాన, క్రింద అడవి. ఒంటిమీద పలుచని కోటు, కాళ్ళకు మామూలు బూట్లు. పొరపాటున అతడికి అందిన ఒక పారాషూట్ శిక్షణలో చూపించడానికి కుట్టేసిన నమూనా; తెరుచుకొనేది కాదు. దానిని కూడా అతడు వెంట తీసికొన్నట్లే కనబడుతుంది. తెలిసినవాడైతే గుర్తుపట్టడా అని ప్రశ్న. ఎఫ్‌బీఐ తరఫున ఏళ్ళతరబడి ఈ కేసును వెంటాడిన రాల్ఫ్ హిమ్మెల్స్‌బాక్ కూడా అతడు బతికి ఉండడనే నమ్మాడు.

బతికాడనేవారికీ బలమున్నది. 1972లో సైనికులు వందలమంది ఏరియల్ అనే ఊరి పరిసరాల అడవి అంతా గాలించినా శవమూ దొరకలేదు, పారాషూట్ గుడ్డ ముక్కా దొరకలేదు. అదే సంవత్సరం అతణ్ణి అనుకరించి దూకినవారు ప్రాణాలతోనే నేలకు చేరారు. వారిలో రిచర్డ్ మెకాయ్ ముఖ్యుడు. 1972 ఏప్రిల్‌లో 5 లక్షల డాలర్లతో యూటా రాష్ట్రం మీద దూకి, రెండు రోజుల్లో పట్టుబడ్డాడు. 1974లో జైలునుంచి పారిపోయి, ఎఫ్‌బీఐ వారితో జరిగిన కాల్పుల్లో మరణించాడు. అతడే కూపర్ అని నేటికీ వాదించేవారున్నారు. కానీ అప్పటికి అతడికి ముప్ఫై ఏళ్ళైనా నిండలేదు. కూపర్‌ను దగ్గరగా చూసినవారు చెప్పిన రూపురేఖలతో అతడివి సరిపోలేదు.

ఇప్పుడు షరతును గుర్తుచేసికొందాం. శవం దొరకకపోవడం ఎటువంటి అనుపలబ్ధి? దట్టమైన అడవి, కొండలు, జలాశయం. అతడు ఏ క్షణాన ఎక్కడ దూకాడో ఎవరికీ కచ్చితంగా తెలియదు. అది చీకటిగది. అక్కడ కనబడకపోవడం బతికి ఉన్నాడనడానికి సాక్ష్యం కాజాలదు. మరి నోట్ల సంగతి? ప్రతి నోటు సంఖ్యా ముందే ఫోటో తీయించి పెట్టారు. ఆ జాబితాలు బ్యాంకులకు, జూదశాలలకు వెళ్ళాయి, పత్రికలలో అచ్చయ్యాయి. మొదటి నోటు తెచ్చినవారికి బహుమతులిస్తామని పత్రికలే ప్రకటించాయి. ఆ 10,000 నోట్లలో ఒక్కటైనా ఎవరో ఖర్చుపెట్టగా చలామణిలో దొరికిన దాఖలా లేదు. అంగట్లో ప్రతివాడూ నోటు సంఖ్య చూస్తాడా అంటే చూడడు, నిజమే. ఇది పట్టపగటి వెలుతురు కాదు. కానీ దీపం వెలుగుతున్న గది. రెండు లేమిలనూ ఒకే తక్కెడలో వేయడమే చాలామంది చేసే పొరపాటు.

ఇక 1980 ఫిబ్రవరి. టీనా బార్ అనే ఇసుక ఒడ్డున, చలిమంట కోసం ఇసుక చదును చేస్తున్న ఎనిమిదేళ్ళ పిల్లవాడికి చివికిపోయిన నోట్ల కట్టలు మూడు కనబడ్డాయి. 290 నోట్లు, 5,800 డాలర్లు, సంఖ్యలు కూపర్‌వే. కట్టలకు రబ్బరు బ్యాండ్లు ఇంకా ఉన్నాయి. ఇక్కడ అర్థాపత్తి పనిచేయాలి, కానీ దేవదత్తుడు ఒక్కొక్కరికి ఒక్కొక్క విధంగా కనబడుతున్నాడు. ఏరియల్ ప్రాంతపు నీళ్ళు లూయిస్ నదిలో కలిసి, టీనా బార్‌కు దిగువనే కొలంబియాలో పడతాయి. డబ్బు ఎదురీదదు కదా! అయితే విమానం తూర్పుగా వెళ్ళి ఉండాలనీ, డబ్బు వాషూగల్ నది గుండా వచ్చిందనీ కొందరన్నారు. 1974లో నది పూడిక తీసి ఒడ్డున పోసినప్పుడు వచ్చిందన్నారు ఇంకొందరు. ఎవరో పాతిపెట్టారన్నారు మరికొందరు. టామ్ కే అనే పరిశోధకుడి బృందం ఆ నోట్లపై అంటిన డయాటమ్ అనే సూక్ష్మమైన నాచును పరిశీలించి 2020లో ఫలితాలు ప్రకటించింది. అది వసంత గ్రీష్మాలలో పెరిగే రకం. అంటే నోట్లు నీట మునిగింది నవంబరులో కాదు, ఆ తరువాత ఎన్నో నెలలకు. ఈ నడిమికాలంలో అవి ఎక్కడున్నాయన్నది చిక్కుముడి. నేను విప్పలేను.

ఆ ముడిలోనుంచే కూపర్లు పుట్టుకొచ్చారు. మరణశయ్య మీద నేనే కూపర్‌నన్నవాడున్నాడు. అన్నదమ్ముడిమీద అనుమానపడి చెప్పినవాడున్నాడు. పేర్లు నేను వ్రాయను; నేరం రుజువు కానివారి పిల్లలు, మనుమలు ఇంకా లోకంలో ఉన్నారు. టై మీద దొరికిన జన్యు నమూనా అసలు అతడిదేనా అన్నది కూడా నిశ్చయం కాలేదు. సిగరెట్టు పీకలు దర్యాప్తు చేసినవారి చేతుల్లోనే పోయాయి. కాలదోషం పట్టకుండా 1976లో పేరు తెలియని ఆ మనిషి మీదే అభియోగం నమోదు చేశారు. 2016లో ఎఫ్‌బీఐ చురుకైన దర్యాప్తును ఆపివేసింది.

ఇంత చదివాక నాకు మా అమ్మమ్మ గుర్తుకు వచ్చింది. మా పెద్దమామయ్య 1957లో, పరీక్ష తప్పిన ఫలితం తెలిసిన రోజున ఇల్లు విడిచి వెళ్ళాడు, తిరిగి రాలేదు. కాశీలో గడ్డంతో కనబడ్డాడని ఒకరు, ఖరగ్‌పూర్ రైలు కార్ఖానాలో ఉన్నాడని ఒకరు. పన్నెండేళ్ళు నిండాక పురోహితులు వచ్చి, దర్భలతో ప్రతిమ చేసి సంస్కారం జరిపించవచ్చునన్నారు. అమ్మమ్మ ఒప్పుకోలేదు. "మీరు చూశారా?" అన్నది, అంతే. రేషను కార్డులో మామయ్య పేరు ఆవిడ పోయేదాకా కొట్టివేయనివ్వలేదు. మామయ్యను కాశీలో చూశామన్నవారెవరూ చెడ్డవారు కారు. కానీ వారు ఒక మాట చెప్పి కాఫీ త్రాగి వెళ్ళిపోయేవారు. ఆ మాటతో ఆవిడ మరొక ఏడాది బతకవలసి వచ్చేది. మాయమైన మనిషి గురించి చెప్పే ఊహకు ఎక్కడో ఒకచోట ఎవరో మూల్యం చెల్లిస్తారు. కథలంటే ఇష్టమున్న నాబోటివాళ్ళు మరిచిపోకూడని సంగతి ఇది.

మరొక సంగతి కూడా మరుగున పడింది. కూపర్ మర్యాదస్థుడనీ, ఎవరికీ హాని చేయలేదనీ పాటలు కట్టి పాడుకొన్నారు. కానీ ఆ సాయంకాలమంతా అతడి ప్రక్కన కూర్చొని, మాటలు కలిపి, సిగరెట్టు వెలిగించి, అతణ్ణి శాంతంగా ఉంచినది టీనా మక్లో అనే 22 ఏళ్ళ ఎయిర్ హోస్టెస్. సియాటిల్‌లో దిగి, డబ్బు సంచి తెచ్చి అతడికి ఇచ్చినదీ ఆమే. కాళ్ళు నేలను తాకిన తరువాత కూడా మళ్ళీ మెట్లెక్కి ఆ బాంబు దగ్గరకు వెళ్ళింది. అతడు నడుముకు ఏదో కట్టుకొంటూ ఉండగా చివరిసారి చూసినదీ ఆమే. దూకినవాడి ధైర్యాన్ని గురించి పుస్తకాలు వచ్చాయి. తిరిగి మెట్లెక్కినదాని ధైర్యాన్ని గురించి మనమెంత తెలిసికొన్నాం?

ఆ తరువాత 727 విమానాలకు, ఎగిరేటప్పుడు వెనుక మెట్లు తెరుచుకోకుండా ఒక చిన్న లోహపు రెక్కను అమర్చారు. దానిని 'కూపర్ వేన్' అంటారు. 1973 జనవరి నుంచి అమెరికాలో ప్రయాణికులందరినీ సోదా చేయడం మొదలయింది. మనం ఈనాడు విమానాశ్రయంలో వరుసలో నిలబడేటప్పుడు, అటువంటి రాత్రుల జ్ఞాపకం మీదే నిలబడుతున్నాం.

మా మనుమడు ఇప్పుడు కాలేజీలో చదువుతున్నాడు. మొన్న ఫోనులో, ఆలస్యంగానైనా, వాడి ప్రశ్నకు జవాబు చెప్పాను. "వాడు బతికాడో లేదో నాకు తెలియదు, నాన్నా. తెలుసన్నవాళ్ళకూ తెలియదు. ఆ డబ్బు మాత్రం వాడికి అక్కరకు రాలేదని నా అంచనా. కానీ ఆ విమానంలో ప్రయాణికులూ సిబ్బందీ కలిసి 42 మంది బతికి బయటపడ్డారు, అది రుజువైన సంగతి. వాళ్ళను గురించి చదువు."

కొంచెంసేపు ఊరుకొని, "ఆ టీనా పేరు మళ్ళీ చెప్పు అమ్మమ్మా" అన్నాడు. చెప్పాను.