దుర్గం చెరువు: పేరు, వాలు, నీరు

మాదాపూర్ దుర్గం చెరువు పేరులోని దుర్గం గోల్కొండ కోట. కుతుబ్‌షాహీల కాలంలో ఆ కోటకు తాగునీరందించిన చెరువుగా దీనికి ప్రసిద్ధి. స్థలనామ పరిశోధకులమైన మనం ఈ వ్యుత్పత్తి చెప్పి ఆగిపోతుంటాం. నేల వాలును పట్టించుకోం. అసలు చరిత్ర అక్కడే ఉంది.

చుట్టూ గ్రానైటు గుట్టలు. వాన వాటిపై జారి, మొరంలో కొంత ఇంకి, మిగిలినది పల్లానికి చేరేది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఆ గుట్టల మధ్య కాంక్రీటు పరచుకుంది, ఇంకుడు తగ్గింది. వాలు మాత్రం మారలేదు. అందుకే కాలనీల మురుగు సైతం నాలాల గుండా పాత వాననీటి దారినే పట్టింది. చెరువును తాగునీటి వనరు చేసిన పల్లమే దానిని మురుగుకు గమ్యం చేసింది.

మురుగులోని భాస్వరం చాలావరకు అడుగు బురదకు అంటి, మళ్లీ నీటిలోకి విడుదలవుతూ గుర్రపుడెక్కను పోషిస్తుంది. నైట్రేటు అలా కాదు. మట్టికి దాదాపు అంటదు, నీటితోపాటే కిందికి దిగుతుంది. మొరంలో నీటి నడక నెమ్మది, కొంత వడపోత జరుగుతుంది. దాని కింది గ్రానైటులో పగుళ్లే దారులు. అక్కడ వడపోత స్వల్పం, వేగం ఎక్కువ. పగుళ్లు అంతటా ఒకేలా ఉండవు కనుక పక్కపక్క బోర్లలోనే నీటి గుణం వేరు కావచ్చు. ఎడతెగక తోడే బోరు భూగర్భజల వాలునే తనవైపు తిప్పుకుంటుంది. 2020లో చెరువుపై తీగల వంతెన వచ్చింది. పైనుంచి చూసేవారికి ఈ రెండో వాలు కనబడదు.