వఫ్రా అని లావుగా రాయాలంటే

కువైట్‌కు దక్షిణాన, సౌదీ సరిహద్దు దగ్గర ఉన్న వఫ్రా తోటల నుంచి మాట్లాడుతున్నాను. కడప నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ వచ్చిన మనవాళ్ళ కోసం ఇక్కడ తెలుగు నోటీసులు, ఉగాది బ్యానర్లు కంప్యూటర్లో తయారు చేసి పెడుతుంటాను. అందుకే ఈ రోజు లావుగా, ఇరుగ్గా ఉండే అక్షరాల కథ చెప్పుకుందాం.

ఇంగ్లీషు అక్షరాల కొసల్లో ఉండే చిన్న గీతల్ని సెరిఫ్‌లంటారు. అవి లేని అచ్చక్షరాలను 1816లో లండన్‌లో నాలుగో విలియం కాస్లాన్ తన నమూనా పుస్తకంలో చూపించాడు. గోడ ప్రకటనల వాళ్ళకు అవి బాగా నచ్చాయి. తక్కువ చోటులో పెద్ద మాట పట్టాలి కదా! ఆ వరసలోనే 1965లో జెఫ్రీ లీ గీసిన 'ఇంపాక్ట్' వచ్చింది. షెఫీల్డ్‌లోని స్టీఫెన్‌సన్ బ్లేక్ సంస్థ దాన్ని పోత పోసింది. ఉన్న చోటులో వీలైనంత సిరా కాగితం మీద పడాలన్నదే లీ ఉద్దేశం. 1996లో మైక్రోసాఫ్ట్ దాన్ని వెబ్ కోసం ఉచితంగా పంచింది. నెట్‌లో నవ్వు పుట్టించే ఫొటోల మీద కనిపించే లావుపాటి తెల్ల అక్షరాలు అవే. మీ పిల్లల్ని అడగండి, వెంటనే గుర్తుపడతారు.

మరి మన సంగతి? ఇంగ్లీషు మాట దాదాపు ఒకే వరసలో కూర్చుంటుంది. మనది మూడంతస్తుల మేడ. 'వఫ్రా' అన్న మాటే చూడండి. ప ఆకారం, ఫ అని చెప్పడానికి కింద ఒక చిన్న గీత, దాన్ని చుట్టుకుని క్రావడి, పైన దీర్ఘం. గీతలు లావు చేస్తే లోపలి ఖాళీలు మూసుకుపోతాయి. కంప్యూటర్లో పక్కల నుంచి నొక్కితే నిలువు గీతలు సన్నబడతాయి, అడ్డగీతలు అలాగే ఉండిపోతాయి. 'ఫ'కూ 'ప'కూ, 'ధ'కూ 'ద'కూ తేడా చూపేది ఆ చిన్న గీతే. అది కలిసిపోతే మాటే మారిపోతుంది.

అందుకే లావు అక్షరాన్ని మొదటి నుంచీ లావుగానే గీయాలి. 2013లో పురుషోత్ కుమార్ గుత్తుల అలా గీసిన 'రామభద్ర' ఖతిని సిలికానాంధ్ర ఉచితంగా అందించింది. అయ్యలరాజు రామభద్రుడి పేరు దానికి పెట్టారు. 2022లో ముంబై ఎక్ టైప్ వాళ్ళ 'అనేక్ తెలుగు' వచ్చింది. అందులో లావునూ, వెడల్పునూ వేరువేరుగా మార్చుకోవచ్చు. ఇరుకు రూపం కూడా నొక్కింది కాదు, గీసిందే.

ఇది అందం గొడవ మాత్రమే కాదు. జూన్ నుంచి ఆగస్టు దాకా ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడి నిబంధన. ఆ కాగితం గోడ మీద ఉంటే చాలదు, తోటలో పనిచేసే మనిషి దూరం నుంచి చదవగలగాలి.

మీ ఊళ్ళో ఈసారి బ్యానర్ వేయించే ముందు, పది అడుగుల దూరంలో పిల్లల్ని నిలబెట్టి చదివించండి. ప ఏదో ఫ ఏదో వాళ్ళు చెప్పగలిగితే ఆ అక్షరం పనికొచ్చినట్లే. ఉంటాను మరి, సెలవు.