ఏప్రిల్, మే నెలల్లో గ్రీస్ దీవుల్లో సెయిలింగ్.. రేటు తక్కువే కానీ ఈ లెక్కలు తెలియకపోతే వారం వృథా!

తెలుగు రాష్ట్రాల్లో స్కూళ్లకు వేసవి సెలవులు ఇచ్చే టైమ్‌కి గ్రీస్‌లో ఇంకా వసంతమే నడుస్తుంటుంది. ఇక్కడ రోడ్డు మీద కాలు పెట్టలేని ఎండ ఉంటే, ఏథెన్స్‌లో మే నెల పగటి వేడి 25 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. కొండల మీద ఎర్రటి పాపీ పూలు, పోర్టుల్లో ఖాళీగా పడవలు కట్టే చోటు. యాట్ అద్దె కూడా జులై, ఆగస్టు రేట్లతో పోలిస్తే చాలా తక్కువ. అందుకే తెరచాప పడవలో దీవులు చుట్టి రావాలనుకునే వాళ్లలో అనుభవం ఉన్నవాళ్లు సీజన్ మొదలవ్వక ముందే వెళ్తారు.

అయితే ఇందులో ఓ మెలిక ఉంది. హోటల్ బుక్ చేసుకుంటే వాన పడినా గదిలో కూర్చోవచ్చు. పడవ బుక్ చేసుకుంటే గాలే షెడ్యూల్ రాస్తుంది. గాలి ఎక్కువై మూడు రోజులు పోర్టులోనే ఆగిపోతే, ఆ రోజుల అద్దె సాధారణంగా వాపసు రాదు. కాబట్టి ఆఫ్ సీజన్‌లో ప్లాన్ అంటే ముందుగా చూడాల్సింది రేటు కాదు.. ఏ సముద్రం, ఏ వారం అన్నదే.

శాంటోరినీ అనుకుంటే ఆగండి

గ్రీస్ అనగానే మనవాళ్లకు తెల్లటి ఇళ్లు, నీలం గోపురాల శాంటోరినీ గుర్తొస్తుంది. కానీ చిన్న యాట్‌లకు అది అంత అనుకూలమైన చోటు కాదు. అగ్నిపర్వతం పేలి ఏర్పడిన ఆ గిన్నె లాంటి సముద్రం చాలా లోతు, లంగరు వేయడానికి చాలాచోట్ల అడుగు అందదు. దక్షిణాన ఉన్న వ్లిహాడా మెరీనా చిన్నది, దాని ముఖద్వారం దగ్గర లోతు తక్కువ. పైగా శాంటోరినీ, మైకొనోస్, పారోస్ ఉండే సైక్లడీస్ దీవుల మధ్య సముద్రం ఓపెన్‌గా ఉంటుంది. వసంతంలో అల్పపీడనాలు ఒకదాని వెనుక ఒకటి దాటుతుంటే అక్కడ గాలి దక్షిణం నుంచి ఉత్తరానికి ఒక్క పూటలో మారిపోతుంది. శాంటోరినీ చూడాల్సిందే అనుకుంటే పిరియస్ పోర్టు నుంచి పెద్ద ఫెర్రీలో సుమారు 8 గంటల ప్రయాణం. సెయిలింగ్ ట్రిప్‌కి ముందో తర్వాతో అలా వెళ్లి రావడం మేలు.

మొదటిసారి, అదీ పిల్లలతో వెళ్లేవాళ్లకు వసంతంలో సరిపోయేది ఏథెన్స్ పక్కనే ఉన్న సారోనిక్ గల్ఫ్. చుట్టూ మూడు వైపులా భూమి ఉండటంతో అలల ఎత్తు తగ్గుతుంది. ఒక దీవి నుంచి మరో దీవికి రెండు మూడు గంటల ప్రయాణమే. పడమటి వైపు అయోనియన్ సముద్రంలో లెఫ్కాడా, ఇథాకా, కెఫలోనియా దీవులూ మంచివే. పచ్చదనం అక్కడ ఎక్కువ, అందుకు కారణమైన వాన కూడా ఎక్కువే. అటు వెళ్లాలంటే మే రెండో సగం నయం. ఏథెన్స్ నుంచి కొరింత్ కాలువ మీదుగా అయోనియన్‌కి పోదామనుకునే వాళ్లు ముందే ఆ కాలువ తెరిచి ఉందో లేదో కనుక్కోవాలి. 1893లో తెరిచిన ఈ 6 కిలోమీటర్ల కాలువలో 2021లో కొండచరియలు విరిగిపడ్డాయి. ఆ తర్వాత మరమ్మతుల కోసం నెలల తరబడి మూసిన సందర్భాలున్నాయి.

గాలి లెక్క ఇలా..

ఎజియన్ సముద్రంలో వేసవి గాలిని మెల్టెమి అంటారు. ఉత్తరం నుంచి వీస్తుంది. జులై, ఆగస్టుల్లో ఆకాశం నిర్మలంగా ఉండగానే రోజుల తరబడి దంచికొడుతుంది. ఏప్రిల్, మే మొదట్లో ఆ బెడద దాదాపు ఉండదు. అప్పుడు చూసుకోవాల్సింది దక్షిణపు గాలిని, అంటే సహారా నుంచి వచ్చే సిరోకోని. ఇది వెచ్చగా, మబ్బుగా ఉంటుంది, ఒక్కోసారి ఎర్రటి ఇసుక ధూళిని కూడా మోసుకొస్తుంది. 2024 ఏప్రిల్ 23న ఏథెన్స్ మొత్తం నారింజ రంగులోకి మారిపోయింది ఈ ధూళి వల్లే. అలాంటి రోజు వాన పడితే తెల్లటి పడవ మీద బురద చల్లినట్టే.

గాలి బలాన్ని అక్కడ బోఫోర్ట్ స్కేల్‌లో చెబుతారు. 4 అంటే 11 నుంచి 16 నాట్లు, సెయిలింగ్‌కి హాయిగా ఉంటుంది. 5 దగ్గర కొత్తవాళ్లకు కడుపులో తిప్పుతుంది. 6 అంటే 22 నుంచి 27 నాట్లు.. గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగం. కుటుంబంతో వెళ్లిన వాళ్లు ఆ రోజు పోర్టులో కాఫీ తాగుతూ కూర్చోవడమే తెలివైన పని. గ్రీస్ సముద్ర పరిశోధన కేంద్రం నడిపే 'పొసైడన్' అంచనాలు ఉచితంగానే దొరుకుతాయి. రోజూ పొద్దున, సాయంత్రం రెండుసార్లు చూడాలి.

నీళ్ల సంగతి కూడా ముందే తెలుసుకోవాలి. భూమి కంటే సముద్రం నెమ్మదిగా వేడెక్కుతుంది. ఏప్రిల్‌లో నీళ్లు 16, 17 డిగ్రీల దగ్గరే ఉంటాయి. మే చివరికి 20 దాటుతాయి. పడవ మీద నుంచి దూకి ఈత కొట్టాలని పిల్లలు అనుకుంటే ఏప్రిల్‌లో ఏడుపే మిగులుతుంది. ఈత ముఖ్యమైతే మే మూడో వారం తర్వాత, ఊళ్లు, గుళ్లు, నడకలు ముఖ్యమైతే ఏప్రిల్ చివర.. ఇలా తేల్చుకుంటే గొడవ ఉండదు.

ఈస్టర్ తేదీ చూడకుండా టికెట్ కొనొద్దు

గ్రీస్‌లో అతి పెద్ద పండగ ఈస్టర్. ఆర్థడాక్స్ క్యాలెండర్ ప్రకారం చేస్తారు కాబట్టి చాలా ఏళ్లు మనకు తెలిసిన ఈస్టర్ తేదీతో కలవదు. 2026లో ఏప్రిల్ 12, 2027లో మే 2. ఆ వారంలో ఏథెన్స్ వాళ్లంతా సొంతూళ్లకు, దీవులకు బయలుదేరతారు. మన దగ్గర సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టే! ఫెర్రీలు నిండిపోతాయి, రేట్లు పెరుగుతాయి. అలాగని తప్పించుకోవాల్సిన వారమేమీ కాదు. హైడ్రా దీవిలోని కమిని అనే చోట గుడ్ ఫ్రైడే రాత్రి క్రీస్తు పార్థివ పీఠాన్ని భుజాల మీద మోస్తూ సముద్రంలోకి దిగుతారు. ఒడ్డున కొవ్వొత్తులు పట్టుకుని ఊరంతా నిలబడుతుంది. అది చూడాలంటే ముందుగా చోటు ఖాయం చేసుకోవాలి, ప్రశాంతత కావాలంటే పండగ అయ్యాక వెళ్లాలి. చిన్న దీవుల్లో చాలా హోటళ్లు ఈస్టర్‌కే తలుపులు తీస్తాయి కాబట్టి అంతకంటే ముందు వెళ్తే భోజనానికి వెతుక్కోవాల్సి రావొచ్చు.

శాకాహారులకు ఇక్కడ ఓ ప్లస్ పాయింట్. ఈస్టర్‌కి ముందు 40 రోజులకు పైగా ఉపవాస కాలం. ఆ రోజుల్లో మాంసం, పాలు, గుడ్లు లేని వంటలను 'నిస్తీసిమా' పేరుతో చాలాచోట్ల వడ్డిస్తారు. పెద్ద చిక్కుడు గింజల కూర, ద్రాక్షాకులో చుట్టిన అన్నం, పప్పు ముద్ద, ఉడికించిన ఆకుకూరలు. అయితే వీటిలో కొన్నిసార్లు రొయ్యలు, ఆక్టోపస్ ఉంటాయి. అవి వాళ్ల ఉపవాసానికి అడ్డం కావు కాబట్టి అడిగి తినాలి.

పడవ ఒకటే కాదు, నడిపేవాళ్లూ కావాలి

సొంతంగా నడుపుకోవాలంటే గ్రీస్‌లో గుర్తింపు ఉన్న స్కిప్పర్ సర్టిఫికెట్ తప్పనిసరి. తోడుగా అనుభవం ఉన్న మరో వ్యక్తీ ఉండాలి. హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకున్న వాళ్లకు గాలి, తెరచాప భాష అర్థమవుతుంది. కానీ సరస్సులో చిన్న డింగీ వేరు, సముద్రంలో 45 అడుగుల యాట్ వేరు. లైసెన్స్ లేనివాళ్లు స్కిప్పర్‌ని రోజువారీ ఫీజు మీద పెట్టుకోవచ్చు. అతని భోజనం ఖర్చు మనదే, పడుకోవడానికి చోటూ మనమే ఇవ్వాలి. ఆరుగురు వెళ్తూ మూడు క్యాబిన్ల పడవ తీసుకుంటే స్కిప్పర్ హాల్లో పడుకోవాలి. తెల్లవారుజామున టీ పెట్టుకోవడానికి కూడా ఇబ్బందే. నాలుగు క్యాబిన్ల పడవ తీసుకుంటే సరి.

అద్దె వారానికి లెక్క.. శనివారం సాయంత్రం ఎక్కడం, శుక్రవారం సాయంత్రానికి బేస్‌కి చేరడం మామూలు పద్ధతి. ఆఫ్ సీజన్‌లో నాలుగైదు రోజులకు ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి, అడగాలి. ప్రకటనలో కనిపించే రేటే మొత్తం ఖర్చు కాదు. సెక్యూరిటీ డిపాజిట్, క్లీనింగ్, డీజిల్, పోర్టు ఫీజులు విడిగా ఉంటాయి. 7 మీటర్లు దాటిన పడవలకు గ్రీస్ ప్రభుత్వం వేసే క్రూజింగ్ ట్యాక్స్ అద్దెలో కలిపారా లేదా అన్నది కాంట్రాక్ట్‌లో చూసుకోవాలి.

వీసాలో ఇరుక్కునేది ఇక్కడే

గ్రీస్‌కి షెంగెన్ వీసా కావాలి. పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు 45 యూరోలు ఫీజు. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు. కనీసం 30,000 యూరోల కవరేజ్ ఉన్న మెడికల్ ఇన్సూరెన్స్ ఉండాలి. ఆ పాలసీలో సెయిలింగ్‌ని మినహాయించారేమో చదవాలి, కొన్నింటిలో సాహస క్రీడల కింద తీసేస్తారు.

అసలు ప్రమాదం సరిహద్దుల్లో. కోస్ దీవి నుంచి టర్కీలోని బోద్రుమ్ కనిపిస్తూనే ఉంటుంది. కోర్ఫు నుంచి అల్బేనియా తీరం అంతే దగ్గర. 'ఒక్క పూట వెళ్లొద్దాం' అనిపిస్తుంది. ఆ రెండూ షెంగెన్ బయట దేశాలు. సింగిల్ ఎంట్రీ వీసాతో అటు అడుగుపెడితే మళ్లీ గ్రీస్‌లోకి రానివ్వరు.. సామాన్లు, పడవ, రిటర్న్ టికెట్ అన్నీ ఇవతలే ఉండిపోతాయి. అలాంటి ప్లాన్ ఉంటే మల్టిపుల్ ఎంట్రీ అడగాలి, పడవ కంపెనీ అనుమతీ తీసుకోవాలి.

లగేజీలో కూడా ఓ రూల్ ఉంది. యూరప్ బయటి నుంచి మాంసం, పాల ఉత్పత్తులు వెంట తీసుకెళ్లడం నిషేధం. అంటే చికెన్ పచ్చడి, నెయ్యి, కోవా కస్టమ్స్‌లోనే పోతాయి. ఆవకాయతో ఆ చిక్కు లేదు. పడవలో గ్యాస్ స్టవ్ ఉంటుంది, బియ్యం అక్కడ దొరుకుతాయి. సూట్‌కేసులు మాత్రం వద్దు, పడవలో పెట్టే చోటుండదు. మడతపెట్టే బ్యాగులే తీసుకెళ్లాలి. రాత్రిళ్లు సముద్రం మీద చలి కాబట్టి గాలి ఆపే జాకెట్, రబ్బరు సోల్ ఉన్న బూట్లు అవసరం.

రూటు ఎలా ఉండాలి?

ఏథెన్స్‌లోని ఆలిమోస్ మెరీనాలో ఎక్కి మొదటి మజిలీ ఎజీనా. దూరం 15 నాటికల్ మైళ్లకు అటూ ఇటూ, మూడు గంటలు. పోర్టు ఎదురుగానే ఆ దీవి పిస్తా అమ్ముతారు, గ్రీస్‌లో దానికి ప్రత్యేక గుర్తింపు ఉంది. కొండ మీద అఫైయా దేవత గుడి. అక్కడి నుంచి పాత ఎపిడావ్రోస్, టాక్సీలో వెళ్తే క్రీస్తు పూర్వం 4వ శతాబ్దపు రాతి థియేటర్. వేసవిలో అక్కడ మెట్లు కాలుతుంటాయి, ఏప్రిల్‌లో హాయిగా కూర్చోవచ్చు. తర్వాత పోరోస్.. అన్ని వైపులా రక్షణ ఉన్న పోర్టు, గాలి ఎక్కువైతే ఆగడానికి ఇంతకంటే మంచి చోటు ఈ రూట్లో లేదు.

అందరూ కోరుకునేది హైడ్రా. కార్లు, బైకులు తిరగని దీవి, సామాను గాడిదల మీదే మోస్తారు. కానీ దాని పోర్టు చిన్నది, ఉత్తరపు గాలికి అలలు లోపలికి వస్తాయి. సీజన్‌లో అక్కడ ఒకరి లంగరు గొలుసు మీద మరొకరిది పడి పొద్దున్నే అరుపులు మామూలే. అంచనాలో ఉత్తరపు గాలి కనిపిస్తే ఎదురుగా ప్రధాన భూభాగంలోని ఎర్మియోనిలో పడవ కట్టేసి, ఫెర్రీలో హైడ్రా వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. ఎర్మియోనికి ఉత్తరాన, దక్షిణాన రెండు వైపులా కట్టే చోటుంది కాబట్టి గాలిని బట్టి వైపు మార్చుకోవచ్చు.

స్పెట్సెస్‌ని కూడా కలిపేయాలన్న ఆశ వద్దు. వారంలో నాలుగు మజిలీలు చాలు. గురువారం రాత్రికి ఏథెన్స్‌కి ఒక్క పూట దూరంలోకి వచ్చేస్తే, శుక్రవారం గాలి అడ్డం తిరిగినా ఉదయమో సాయంత్రమో ఏదో ఒక టైమ్‌లో దాటే వీలుంటుంది. ఇంటికి వచ్చే విమానం మాత్రం శనివారం రాత్రికో ఆదివారానికో పెట్టుకోవాలి. శుక్రవారం రాత్రికి బుక్ చేసుకున్న కుటుంబమే గాలి 7 ఉన్నా 'పోదాం పదండి' అని స్కిప్పర్‌ని ఒత్తిడి చేస్తుంది. ఆ మాట వినే స్కిప్పర్‌ని పెట్టుకోకపోవడం మరీ మంచిది.