ఆడవాళ్ళ ఏలుబడి పోయిన కథ

1982లో అమెరికా కాలేజీ అమ్మాయిల ఇండోర్ అథ్లెటిక్స్ జాతీయ టైటిల్ నెబ్రాస్కా విశ్వవిద్యాలయానిది. 1983లోనూ నెబ్రాస్కాదే. జట్టు మారలేదు, ఆట మారలేదు. పోటీ పెట్టిన వాళ్ళు మారిపోయారు. మొదటి టైటిల్ ఇచ్చింది ఆడవాళ్ళు తమకు తాముగా నిలబెట్టుకున్న సంఘం, ఏఐఏడబ్ల్యూ. రెండోది ఇచ్చింది మగవాళ్ళ ఆటల కోసం పుట్టి, దాదాపు ముప్పావు శతాబ్దం ఆడపిల్లల వంక చూడని ఎన్‌సీఏఏ. ఆ రెండు పోటీలకూ నడుమ ఒక సంస్థ చచ్చిపోయింది. ఆ చావుకు పెద్దగా ఏడ్చినవాళ్ళు లేరు. అందుకే రాస్తున్నాను.

మన్యంలోని రాజవొమ్మంగిలో ఉండి అమెరికా కాలేజీల సంగతి మనకెందుకని అడిగేవాళ్ళుంటారు. పరుగు మాకు కొత్త కాదు, చేతిలో ఉన్న పెత్తనం జారిపోవడమూ కొత్త కాదు.

ముందు ఇండోర్ పరుగు అంటే ఏమిటో చెప్పాలి. మంచు కురిసే దేశాల్లో చలికాలమంతా మైదానాలు పనికిరావు. అందుకని పైకప్పు కింద ట్రాకు వేసుకున్నారు. బయట ఒక చుట్టు 400 మీటర్లయితే లోపల 200 మాత్రమే. మలుపు ఇరుకు కాబట్టి అక్కడ ట్రాకును ఏటవాలుగా పైకి లేపుతారు, లేకపోతే వేగంలో మనిషిని బయటికి విసిరేసినట్టవుతుంది. వంద మీటర్లకు చోటు చాలదు, అరవైతో సరిపెడతారు. అందులో బయల్దేరేటప్పుడు తడబడితే సర్దుకునే వ్యవధి ఉండదు. మొదటి మూడు నాలుగు అడుగుల్లోనే సగం పందెం తేలిపోతుంది.

ఆ మొదటి అడుగు విలువ మా పిల్లలకూ తెలుసు. ఆశ్రమ పాఠశాలల ఆటల పోటీల్లో స్టార్టింగ్ బ్లాకులుండవు. అమ్మాయి చున్నీ నడుముకు బిగించి, సున్నం గీత వెనక మడమతో నేలను తవ్వుతుంది. ఎడమ కాలికో గుంట, కుడి కాలికి జానెడు వెనకగా ఇంకో గుంట. వేళ్ళు అందులో ఆనించి, మట్టి జారుతుందేమోనని ఒకసారి నొక్కి చూసుకుంటుంది. ఈల పడగానే ఆ గుంటల్లోంచి దుమ్ము లేస్తుంది. ఆ పిల్లలకు బూట్లుండవు. మెర్లిన్ ఓటీకీ చిన్నప్పుడు అంతే. జమైకాలో ఒట్టి కాళ్ళతో పరిగెత్తి పెరిగిన ఆమె నెబ్రాస్కాలో చదువుతూ 1980 మాస్కో ఒలింపిక్స్‌లో 200 మీటర్ల కాంస్యం గెలిచింది. ఇంగ్లీషు మాట్లాడే కరీబియన్ దేశాల నుంచి ఒలింపిక్ పతకం అందుకున్న మొదటి మహిళ ఆమే. మొత్తం తొమ్మిది పతకాలు సాధించింది. నేను చెబుతున్న ఆ జట్టు ఆమె పరిగెత్తిన జట్టే.

ఇక ఆ సంఘం పుట్టుక. అమెరికాలో అమ్మాయిలకు వ్యాయామం నేర్పే ఆడ టీచర్లు 1966లో ఒక కమిషన్ పెట్టుకున్నారు. 1969 నుంచి జాతీయ పోటీలు జరపసాగారు, మొదటి ఏడాది ఆటల్లో అథ్లెటిక్స్ కూడా ఉంది. 1971లో అదే ఏఐఏడబ్ల్యూ అయింది. చేరిన కాలేజీలు 280 దాకా. పదేళ్ళు తిరిగేసరికి 950 దాటాయి. కెరోల్ ఓగిల్స్‌బీ మొదటి అధ్యక్షురాలు. తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న వాళ్ళంతా ఆడవాళ్ళే. నియమాలు రాసేదీ, తగువులు తీర్చేదీ, పతకం మెడలో వేసేదీ వాళ్ళే. సంఘం నడిపే సభలో విద్యార్థినులకూ చోటిచ్చారు. మగపిల్లల ఆటల్లో పేరుకున్న డబ్బు జబ్బు తమ పిల్లలకు అంటకూడదని వాళ్ళ పట్టుదల. ఆ పట్టుదలతోనే మొదట్లో ఆటల స్కాలర్‌షిప్పులు వద్దన్నారు. ఫ్లోరిడాలో టెన్నిస్ ఆడే అమ్మాయిలు కోర్టుకెళ్ళాక 1973లో ఆ నియమం సడలించారు. అక్కడ టీచర్లది తప్పేనని నా అభిప్రాయం. చదువు చెప్పించే స్తోమత లేని ఇంటి పిల్లకు స్కాలర్‌షిప్పే దారి.

1972 జూన్‌లో టైటిల్ నైన్ చట్టం వచ్చింది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఏ విద్యాసంస్థా ఆడపిల్లకు మగపిల్లవాడికి తేడా చూపకూడదన్నది దాని సారం. ఎన్‌సీఏఏ దానితో ఏళ్ళ తరబడి పోరాడింది. డబ్బు తెచ్చే ఆటలను మినహాయించాలని పైరవీ చేసింది, 1976లో ప్రభుత్వం మీద దావా కూడా వేసింది. నెగ్గలేదు. ఇక కాలేజీలు అమ్మాయిల ఆటలకు ఖర్చు పెట్టక తప్పదని తేలాక, అడ్డుకున్న చేతులనే ఆ ఆటలను పట్టుకోవడానికి చాచారు.

1980లో చిన్న కాలేజీల విభాగాలకు అమ్మాయిల పోటీలు పెడతామని ఎన్‌సీఏఏ తీర్మానించింది. 1981 జనవరిలో మయామీ బీచ్ మహాసభలో పెద్ద కాలేజీల వంతు వచ్చింది. మొదటి లెక్కింపులో ఓట్లు సమానంగా చీలాయి. మళ్ళీ చర్చకు పెట్టి, మళ్ళీ ఓటేయించి నెగ్గించుకున్నారు. ఆ ఓట్లు వేసినవాళ్ళలో అత్యధికులు మగవాళ్ళు. తర్వాత కాలేజీలకు చెప్పిన మాట చాలా తియ్యగా ఉంది: పోటీలకు వచ్చే ప్రయాణ ఖర్చు మేం భరిస్తాం, అమ్మాయిల కోసం వేరే చందా కట్టనక్కర్లేదు, టీవీలో చూపిస్తాం. వ్యాన్లలో కిక్కిరిసి వెళ్ళి ఖర్చుల కోసం వెతుక్కునే జట్లు ఆ మాటను కాదనడం ఎలా?

అప్పుడు ఏఐఏడబ్ల్యూ అధ్యక్షురాలు డోనా లోపియానో, టెక్సస్ విశ్వవిద్యాలయంలో మహిళా క్రీడల డైరెక్టరు. చిన్నప్పుడు ఆమె మగపిల్లలతో సమానంగా బేస్‌బాల్ ఆడి లిటిల్ లీగ్ జట్టుకు ఎంపికయ్యారు. యూనిఫాం కోసం వరుసలో నిలబడితే ఎవరో నియమాల పుస్తకం తెచ్చి చూపించారు, ఆడపిల్లలు ఆడరాదని. ఆ వరుసలోంచి వెళ్ళిపోవాల్సి వచ్చిన పిల్ల పెద్దయి ఒక దేశపు కాలేజీ అమ్మాయిలందరికీ నియమాలు రాసే చోటికి చేరితే, ఆ చోటే కింద నుంచి కూలిపోయింది.

1982 మార్చి 28న ఒకే రోజు రెండు బాస్కెట్‌బాల్ ఫైనళ్ళు జరిగాయి. ఎన్‌సీఏఏది నార్‌ఫోక్‌లో, దాన్ని సీబీఎస్ దేశమంతా చూపించింది. ఏఐఏడబ్ల్యూది ఫిలడెల్ఫియాలోని పాత పాలెస్ట్రా హాల్లో. అక్కడ రట్గర్స్ 83–77తో గెలిచింది. ఓడిన జట్టు లోపియానో గారి టెక్సస్. ఏఐఏడబ్ల్యూ చరిత్రలో అదే ఆఖరి బాస్కెట్‌బాల్ ఫైనల్. జూన్ 30తో సంఘం పోటీలన్నీ ఆగిపోయాయి. గుత్తాధిపత్యం చెలాయించి తమను చంపేశారని వేసిన దావాను 1983 ఫిబ్రవరిలో జడ్జి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ కొట్టేశారు. 1984లో అప్పీలూ పోయింది. ఆ 1983లోనే మిషిగన్‌లోని పాంటియాక్ సిల్వర్‌డోమ్‌లో ఎన్‌సీఏఏ మొదటి మహిళల ఇండోర్ పోటీలు జరిగాయి, నెబ్రాస్కా మళ్ళీ గెలిచింది.

ఇలా పెత్తనం జారిపోవడం మా మన్యమూ చూసింది. ఇక్కడ ఒకప్పుడు ముఠాలుండేవి. కొన్ని పల్లెలు కలిస్తే ఒక ముఠా, దానికో ముఠాదారు. ముఠాదార్ల మీద పెత్తనం చేసే మన్సబుదారు పెట్టే బాధలు, కల్లు మీద పన్ను భరించలేక 1879లో రంప పితూరీ లేచింది. దాన్ని అణిచాక తెల్లదొరలు ముఠాదార్లను తమ కింద కాగితాల మీద కట్టేశారు. అడవి చట్టం వచ్చింది, పోడు మీద ఆంక్షలొచ్చాయి. రోడ్డు వేస్తామన్నారు, ఆ రోడ్డుకు మన్యం వాళ్ళచేతే చాలీచాలని కూలికి చాకిరీ చేయించారు. మునసబుగా ఉన్న గాం గంటందొర పదవి పోగొట్టుకున్నాడు. 1922 ఆగస్టు 24న అల్లూరి సీతారామరాజు దళం మా రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ మీద పడి, అందులో బందీగా ఉన్న వీరయ్యదొరను విడిపించింది. ఆ పోరాటంలో ప్రాణాలు పోయాయి. అమెరికాలో పోయినవి కుర్చీలు, రెండింటినీ ఒకే గాటన కట్టను. కానీ మేలు చేస్తామంటూ వచ్చి, ఆ మేలుతో పాటు నిర్ణయించే హక్కును పట్టుకుపోవడం ఎలా ఉంటుందో ఈ కొండల్లో పుట్టినవాళ్ళకు విడమర్చి చెప్పనక్కర్లేదు.

మేలు జరగలేదా? జరిగింది. పిల్లలకు ప్రయాణ ఖర్చు దొరికింది, టీవీ దొరికింది. ఆ లెక్క పక్కనే ఇంకో లెక్క ఉంది. 1972లో అమ్మాయిల జట్లకు కోచ్‌లుగా ఉన్నవాళ్ళలో 90 శాతానికి పైగా ఆడవాళ్ళే. ఇప్పుడు సగం కూడా లేరు. కాలేజీల్లో అమ్మాయిల క్రీడా విభాగాల అధిపతులు కూడా అప్పట్లో 90 శాతానికి పైగా ఆడవాళ్ళే. 1984కు 17 శాతం మిగిలారు. పిల్లలు మైదానంలోకి వచ్చినకొద్దీ, వాళ్ళను అక్కడికి తెచ్చిన టీచర్లు బయటికి నడిచారు.

మన జ్యోతి యర్రాజీని చూడండి. విశాఖ అమ్మాయి, తండ్రి సెక్యూరిటీ గార్డు. మన దేశంలో ఇండోర్ ట్రాకు అనేదే నిన్నమొన్నటి సంగతి. అయినా 60 మీటర్ల హర్డిల్స్‌లో 2023 ఆసియా ఇండోర్ పోటీల్లో రజతం, 2024లో టెహ్రాన్‌లో 8.12 సెకన్లతో స్వర్ణం తెచ్చింది. చెంగ్డూలో ప్రపంచ విశ్వవిద్యాలయాల క్రీడల్లో వంద మీటర్ల హర్డిల్స్ 12.78లో దాటి కాంస్యం గెలిచింది. హైదరాబాద్‌లో నాగపురి రమేశ్, భువనేశ్వర్‌లో జేమ్స్ హిలియర్ ఆమెకు తర్ఫీదిచ్చారు. వాళ్ళ రుణం తీరేది కాదు. అయినా అలాంటి చోట ఒక తెలుగు ఆడమనిషి నిలబడి స్టాప్‌వాచ్ పట్టుకునే రోజు కోసం నేను ఎదురుచూస్తున్నాను. మా కొండపిల్లలు పందెంలో గెలవడమొక్కటే చాలదు, పందెం పెట్టే చోటా ఉండాలి.

ఏఐఏడబ్ల్యూ పోయినా అయోవా విశ్వవిద్యాలయంలో దాని ముక్క ఒకటి చాలాకాలం బతికింది. స్కాట్లండ్‌లో పుట్టి హాకీ ఆడి పెరిగిన క్రిస్టీన్ గ్రాంట్, ఒకప్పటి ఏఐఏడబ్ల్యూ అధ్యక్షురాలు, అక్కడ 1973 నుంచి మహిళల క్రీడా విభాగాన్ని వేరుగానే నడిపారు. చుట్టూ చాలా కాలేజీలు మగవాళ్ళ విభాగాల్లో కలిపేస్తున్నా ఆమె కలవనివ్వలేదు. 2000లో ఆమె పదవీ విరమణ చేశారు, ఆ వెంటే రెండు విభాగాలనూ కలిపేశారు. 2014లో అక్కడి అమ్మాయిల హాకీ కోచ్‌ను, ఒక మహిళను, తొలగించారు. ఆమె, క్రీడా విభాగంలో పెద్ద పదవిలో ఉన్న ఇంకో మహిళ, వివక్ష చూపారంటూ కోర్టుకెళ్ళారు. 2017లో జ్యూరీ రెండో ఆమెకు 14 లక్షల 30 వేల డాలర్లు ఇప్పించింది. ఆఖరికి రెండు కేసులూ కలిపి 65 లక్షల డాలర్లకు విశ్వవిద్యాలయం రాజీ పడింది. అప్పటికి గ్రాంట్ గారికి ఎనభై దాటాయి.